గేదెల గోమారి మందు పిల్లికి పట్టించవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, ధాన్యం, మినుముల బస్తాలు దాచే గదిలో ఎలుకల బాధ తప్పుతుందని మూడు పిల్లుల్ని పెంచుతున్నాం. ఎలుకలు తగ్గిన మాట నిజమే గానీ వీటి అల్లరి తట్టుకోలేకపోతున్నాం. గోనె సంచులు పీకుతాయి, పాలగిన్నె మూత తోసేస్తాయి, మిరప నారుమడిలో తవ్వి దొడ్డికి పోతాయి. పైగా నెల రోజులుగా ఒక పిల్లికి చెవుల అంచున తెల్లగా పొక్కు కట్టింది, ఇప్పుడు మొహం మీదికి పాకింది. రాత్రంతా గోక్కుంటూనే ఉంటుంది. మా అమ్మాయి చేతుల మీద కూడా ఎర్రగా పొక్కులు లేచాయి. గేదెలకు గోమార్ల కోసం తెచ్చిన మందు అర సీసా మిగిలింది. నీళ్లలో కలిపి పిల్లికి పట్టించవచ్చా? లేక వేపనూనె రాయమంటారా? మేకలకు కూడా అంటుకుంటుందేమోనని భయంగా ఉంది.
– ఓ రైతు, తెనాలి ప్రాంతం

జవాబు: ముందు ఆ అర సీసా సంగతి తేల్చుకుందాం. పిల్లికి పట్టించవద్దు, ఎంత పల్చన చేసినా వద్దు. గేదెల మీద గోమార్లకు వాడేవి ఎక్కువగా డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, ఫ్లూమెత్రిన్, అమిత్రాజ్ మందులు. వీటిలో మొదటి మూడూ ఒకే జాతివి. గేదె, కుక్క ఈ జాతి మందుల్ని కాలేయంలో విరిచి బయటికి పంపేస్తాయి. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైము చాలా తక్కువ. మందు ఒంట్లోనే నిలిచి నరాల మీద పనిచేస్తుంది. పైగా పిల్లికి ఒళ్లు నాక్కునే అలవాటు ఉంది కదా, చర్మం మీద పడిందంతా కాసేపటికి కడుపులోకి చేరుతుంది. పూసిన కొన్ని గంటల్లోనే చెవులు, మీసాలు అదరడం, నోట చొంగ, ఒళ్లంతా వణుకు, ఆ తర్వాత ఫిట్స్ వస్తాయి. అమిత్రాజ్‌తో అయితే మగతగా పడిపోతుంది. కుక్కల మెడ మీద వేసే పెర్‌మెత్రిన్ చుక్కల మందుకూ ఇదే మాట వర్తిస్తుంది.

ఇప్పటికే ఎవరైనా పూసి ఉంటే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో రెండు సార్లు కడిగి, తుడిచి, ఒంటికి గుడ్డ చుట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మరీ వేడినీళ్లు పోయవద్దు, చర్మానికి రక్తప్రసరణ పెరిగి మందు ఇంకా లోపలికి పోతుంది. చన్నీళ్లూ వద్దు, వణుకు పెరుగుతుంది. నోట్లో పాలు, నూనె పోయకండి.

వేపనూనె విషయానికొస్తే, చిక్కగా రాస్తే పిల్లి నాకుతుంది. చొంగ కారుతుంది, వాంతులు, వణుకు వస్తాయి. పల్లెల్లో గజ్జికి పూసే కిరోసిన్, వాడేసిన ఇంజన్ ఆయిల్ చర్మాన్ని కాల్చేస్తాయి, నాకితే ఊపిరితిత్తులకు కూడా ముప్పే. మనుషుల గజ్జి లోషన్లలో ఉండే బెంజైల్ బెంజోయేట్ కూడా పిల్లికి విషమే. మిరప తోటకు కొట్టే గంధకం పొడి గుర్తొచ్చి ఉంటుంది. గజ్జికి గంధకం పనిచేసే మాట నిజమే, కానీ అది జంతువుల కోసం వేరుగా తయారైన ద్రావణంలో, తగిన పాళ్లలో ఉండాలి. పంట మందులో కలిపే మిగతా సరుకు చర్మానికి పడదు. పసుపు, కొబ్బరినూనె రాస్తే హాని లేదు గానీ వాటితో గజ్జి పురుగు చావదు.

మీరు చెప్పిన తీరు చూస్తే ఇది పిల్లి గజ్జే అనిపిస్తోంది. కారణం నోటోఎడ్రిస్ అనే నల్లి జాతి పురుగు, కంటికి కనపడదు. ఆడ పురుగు చర్మం పైపొరలో సొరంగం తొలుచుకుని అందులోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు పెట్టే పురుగు తయారవడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. మొదలయ్యేది సాధారణంగా చెవి అంచునే. అక్కడి నుంచి నుదురు, కనురెప్పలు, మెడ. ఒళ్లంతా వదిలేసి తర్వాత పాదాలకు, తోక కిందికి వస్తుంది. పిల్లి ముడుచుకుని పడుకునేటప్పుడు మొహం అక్కడే ఆనుతుంది, మొహం తుడుచుకునేది ముందుకాళ్లతోనే, అందుకని. చెవిని వెలుతురులో పెట్టి చూడండి. తవుడు తడిపి అంటించినట్టు బూడిద, పసుపు కలిసిన గట్టి పెచ్చు ఉంటుంది. చర్మం మందమై ముడతలు పడి, పిల్లికి ముసలి మొహం వచ్చేస్తుంది.

అయినా చూపించకుండా మందు వేయవద్దు. ఇలాగే కనిపించేవి ఇంకో మూడు ఉన్నాయి. తామర అయితే గుండ్రంగా వెంట్రుకలు ఊడిన మచ్చలుంటాయి, దురద అంతగా ఉండదు, దాని వైద్యం నెలల తరబడి సాగుతుంది. చెవి లోపల కాఫీ పొడిలాంటి నల్లటి మురికి నిండి ఉంటే అది వేరే చెవి పురుగు. నడుము మీద, తోక మొదట్లో చిన్న చిన్న గుల్లలుంటే కుక్క ఈగల (రెక్కలు లేకుండా గెంతే ఫ్లీ పురుగుల) అలర్జీ కావచ్చు. ఆ చోట దువ్వితే రాలిన నల్లటి నలకల్ని తడి తెల్ల కాగితం మీద వేయండి, చుట్టూ ఎర్రగా రంగు దిగితే అది ఈగల రెట్టే. డాక్టరు చెవి అంచున బ్లేడుతో కాస్త గీరి, పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఐదు నిమిషాల పని. గజ్జి అయితే పురుగులు గుంపులుగా కనపడతాయి. తెనాలిలో కుదరకపోతే గన్నవరం వెటర్నరీ కళాశాల ఆసుపత్రి మీకు అందుబాటులోనే ఉంది.

వైద్యంలో పొరపాటు జరిగేది మోతాదు దగ్గరే. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షను గేదెలకూ మేకలకూ వాడేదే, పిల్లికీ పనిచేస్తుంది. కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు, చర్మం కింద. ఒక శాతం మందులో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములుంటుంది. మూడు కిలోల పిల్లికి కావలసింది 0.06 మిల్లీలీటరు, ఒక చుక్క కంటే కొంచెం ఎక్కువ. అలవాటైన చేత్తో అర మిల్లీలీటరు ఎక్కిస్తే ఎనిమిది రెట్లు దాటింది. కళ్లు కనిపించక, తూలుతూ, స్పృహ తప్పి పడిపోయే పిల్లుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. అందుకే ఇన్సులిన్ సిరంజితో, డాక్టరు చేతి మీదుగానే వేయించండి. పసి కూనలకు ఈ ఇంజెక్షను వాడరు.

నన్నడిగితే దానికన్నా మెరుగైనది సెలామెక్టిన్ చుక్కల మందు. 2.6 నుంచి 7.5 కిలోల పిల్లికి 45 మిల్లీగ్రాముల గొట్టం ఒకటి. 8 వారాలు నిండిన పిల్లలకూ వేయవచ్చు. మెడ వెనక, నాలుక అందని చోట వెంట్రుకలు పాయగా విడదీసి, గొట్టాన్ని చర్మానికి ఆనించి పిండాలి. వెంట్రుకల మీద పడితే సగం వృథా. ధర ఎక్కువే, కానీ గజ్జితోపాటు ఈగలూ చెవి పురుగులూ పోతాయి. ఫిప్రోనిల్ చుక్కల మందు ఈగలకు మంచిదే, గజ్జికి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

ఏ మందైనా బరువును బట్టే. పిల్లిని గోనె సంచిలో పెట్టి పత్తి తూచే కొక్కెం కాటాకు తగిలించి చూసుకోండి, తర్వాత ఖాళీ సంచి బరువు తీసేయండి. అంచనా మీద వేస్తే కిలో అటూ ఇటూ అవుతుంది, మూడు కిలోల జీవికి అది చిన్న తేడా కాదు.

ఒక్కసారితో సరిపోదు. మందుకు పురుగు చస్తుంది గానీ గుడ్డు చావదు. ఇంజెక్షనైతే రెండు వారాలకు రెండోది, చుక్కల మందైతే నెలకు రెండోది తప్పదు. మొదటి వారంలోనే గోకడం తగ్గుతుంది, పెచ్చులు రాలతాయి, ఇక తగ్గిపోయిందనుకుని చాలామంది రెండోది మానేస్తారు. నెలన్నరకు మళ్లీ మొదటికి వస్తుంది. ఇంకో సంగతి, జబ్బు కనపడేది ఒక్కదానికే అయినా మూడింటికీ ఒకే రోజు మందు పడాలి. కలిసి పడుకునే పిల్లుల్లో ఒకదాన్ని వదిలేస్తే అదే మళ్లీ మిగతా రెండింటికీ అంటిస్తుంది.

పెచ్చుల్ని ఎండిపోయి ఉన్నప్పుడు పీకకండి, నెత్తురొస్తుంది, చీము పడుతుంది. గోరువెచ్చని నీళ్లలో పసిపిల్లల షాంపూ కలిపి, దూదితో పది నిమిషాలు నాననిస్తే వాటంతటవే ఊడతాయి. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ క్రీము రాస్తే రెండు రోజులు దురద తగ్గినట్టుంటుంది, కింద పురుగు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. నొప్పికి పారాసెటమాల్ అసలే వద్దు. మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్రలో సగం కూడా పిల్లి ప్రాణం తీస్తుంది.

అవి పడుకునే గోనెలు, పాత చీరలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. పిల్లి ఒంటి మీద కాకుండా బయట ఈ పురుగు కొద్ది రోజులే బతుకుతుంది. ఉతకలేని పరుపును పది రోజులు పిల్లులు రాని చోట పెడితే చాలు. గది కడగడానికి ఫినాయిల్ వాడకండి, పాదాలకు అంటి నోట్లోకి పోతుంది. మీ అమ్మాయి చేతి మీద పొక్కులు కూడా ఈ పురుగు చేసినవే కావచ్చు. మనిషి ఒంటి మీద అది సంతతి పెంచుకోలేదు, పిల్లికి తగ్గాక రెండు మూడు వారాల్లో వాటంతటవే పోతాయి. అప్పటిదాకా పిల్లుల్ని ఒళ్లోకి తీసుకోవద్దనండి. పోకపోతే చర్మ వైద్యుడికి చూపించండి, తామర కూడా అయ్యుండవచ్చు.

ఇక అల్లరి. పిల్లి గోనె సంచిని పీకేది పొగరుతో కాదు. గోళ్ల పాత పొర రాల్చుకోవాలి, తన వాసన అక్కడ వదలాలి, నిద్ర లేవగానే ఒళ్లు సాగదీయాలి. ఈ మూడు పనులకూ మీ బస్తా ఎత్తు సరిగ్గా సరిపోతోంది. మూడడుగుల దుంగ ఒకటి కదలకుండా పాతి, పై నుంచి కింది దాకా జనపతాడు దగ్గరగా చుట్టి, అవి పడుకునే చోటు పక్కనే పెట్టండి. ఊగితే మాత్రం ఇక దాని జోలికి పోవు. వారం పాటు బస్తాల వరుసకు పాలిథిన్ పట్టా కప్పితే గోరు దిగక దుంగ వైపు మళ్లుతాయి.

నారుమడికి కారణం మెత్తటి, తవ్విన పొడి మట్టి. పిల్లికి దానికంటే మంచి మరుగుదొడ్డి దొరకదు. రసం పీల్చే పురుగులు రాకుండా ఎలాగూ 40 మెష్ నైలాన్ వల కప్పమంటాం కదా, దాని అంచులు మట్టితో కప్పేస్తే రెండు పనులూ అవుతాయి. కొట్టం మూలన పొడి ఇసుక తొట్లు పెట్టండి, రెండు మూడు అంగుళాల లోతు చాలు. మూడు పిల్లులకు నాలుగు తొట్లు, రోజూ శుభ్రం చేయాలి. మురికిగా ఉంటే మళ్లీ మడికే పోతాయి.

పాలగిన్నె మీద బరువైన మూత పెట్టడం తప్ప వేరే ఉపాయం లేదు. పెద్ద పిల్లికి పాలు అరగవు, విరేచనాలవుతాయి, అయినా ఆశ మానదు. ఆకలితో ఉంచితే ఎలుకలు బాగా పడుతుందనేది తప్పు. పెరుగన్నం మీద పెంచిన పిల్లికి చర్మం పాడవుతుంది, గజ్జి కూడా త్వరగా పట్టుకుంటుంది. ఉడికించిన చేప, కోడిమాంసం ముక్కలు రోజూ కాస్తయినా ఉండాలి. ఉల్లిపాయ, ఉప్పు కలపకండి. సాయంత్రం పది నిమిషాలు తాడు కొసకు గుడ్డ కట్టి ఆడించి, ఆ వెంటనే తిండి పెడితే రాత్రి గోల సగం తగ్గుతుంది. మగపిల్లి బస్తాల మీద ఉచ్చ చల్లుతుంటే ఐదారు నెలల వయసులోనే ఆపరేషన్ చేయించడమే మార్గం. అదే రోజు రేబిస్ టీకా సంగతి కూడా అడగండి.

పిల్లులున్న గదిలో ఎలుకల మందు పెట్టవద్దు. బ్రోమాడియోలోన్, జింకు ఫాస్ఫైడ్ తిన్న ఎలుకను తింటే పిల్లికీ ప్రమాదమే. ఎలుకల్ని పట్టే బుట్టలు వాడుకోండి.

మేకలకు ఈ గజ్జి అంటదు, ఆ భయం వద్దు. అయితే వాటి దాణా కుండీలో పిల్లి మలం పడకుండా చూసుకోండి. దానిలో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వల్ల చూడి మేకలు ఈసుకుపోవచ్చు. ముఖ్యంగా ఏడాదిలోపు పిల్లులు మొదటిసారి ఎలుకను తిన్న తర్వాతి రెండు మూడు వారాల్లో దాన్ని బయటికి వదులుతాయి. మలం బయటపడ్డాక ఒక రోజైనా గడిస్తేనే అంటుకునే స్థితికి వస్తుంది, అందుకే తొట్లు రోజూ శుభ్రం చేయమన్నది. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని మాత్రం వేరేవాళ్లు చేయాలి.