యూకేలో ఆదివారం షాపుల వేళలు స్థానిక కౌన్సిళ్లకు (మన మున్సిపాలిటీల్లాంటివి) వదిలేయాలా?

వద్దు. చదువుకునే రోజుల్లో ఇంగ్లండ్‌లోని రెడింగ్ ఊళ్లో ఓ పెద్ద సూపర్‌మార్కెట్‌లో ఆదివారం షిఫ్టులే ఎక్కువ చేశాను, ఆ ధీమాతోనే చెప్తున్నా.

మొన్న వేసవిలో మా నాన్న తెనాలి నుంచి వచ్చారు. ఆదివారం పొద్దున పెరుగు కోసం పెద్ద షాపుకి తీసుకెళ్లాను. తలుపులు తీసే ఉన్నాయి, జనం ట్రాలీలు తోసుకుంటూ తిరుగుతున్నారు. కౌంటర్ దగ్గర అమ్మాయి మాత్రం పదింటి దాకా బిల్లు వేయకూడదంది. చూసుకోవచ్చు, కొనకూడదు! నాన్నకి మింగుడుపడలేదు. "సరుకు చేతిలో ఉంది, డబ్బు జేబులో ఉంది, ఇంకేం ముహూర్తం రా వీళ్లకి?" అంటూ పెరుగు డబ్బా పట్టుకుని అక్కడే నిలబడ్డారు. పది కొట్టాక మైకులో చెప్పారు, లైను కదిలింది. ఇంటికొచ్చేదాకా నాకు అదే పాట.

ఇదంతా 1994 నాటి చట్టం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లు దాటిన షాపులు ఆదివారం పది నుంచి ఆరు మధ్యలో వరసగా ఆరు గంటలే అమ్మాలి. చిన్న కొట్లకు ఈ అడ్డు లేదు. మా వీధి చివర గుజరాతీ అంకుల్‌కి ఆదివారం సాయంత్రమే అసలు బేరం. పాల ధర మాత్రం దారుణం, అది వేరే గొడవ.

వేళలు కౌన్సిళ్లే నిర్ణయించుకోవాలని 2015లో అప్పటి ఆర్థిక మంత్రి ఆస్బోర్న్ అన్నాడు. 2016 మార్చిలో ఆ ప్రతిపాదన పార్లమెంటులో 317-286 ఓట్లతో వీగిపోయింది. తమ దగ్గర ఈ ఆంక్షే లేని స్కాట్లాండ్ ఎంపీలు ఓడించారని ఇప్పటికీ కొందరికి మంట. నాకు లేదు. రెడింగ్ దాటితే వోకింగ్‌హామ్, అది వేరే కౌన్సిల్. ఒక కౌన్సిల్ రాత్రి దాకా తెరిస్తే, పక్క కౌన్సిల్ తన బేరం పోతుంటే చూస్తూ ఊరుకుంటుందా? రెండేళ్లలో అంతా తెరుస్తారు. ఇంక స్థానిక నిర్ణయం ఎక్కడిది?

అప్పుడు రాత్రి దాకా కౌంటర్లో నిలబడేది ఎవరు? స్టూడెంట్ వీసా పెట్టే వారానికి ఇరవై గంటల పని పరిమితితో, క్లాసుల్లేని రోజు చూసుకుని పనికెళ్లే మన పిల్లలే. ఆదివారం పని చేయనని నోటీసిచ్చే హక్కు చట్టంలో ఉంది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు ఆ కాగితం మేనేజర్ చేతికిస్తాడా? నేనైతే ఇవ్వలేదు, నాతో చేసినవాళ్లూ ఇవ్వలేదు.

అంత సరదాగా ఆదివారం ఏదో ఒకటి బాగుచేయాలనుంటే ముందు రైళ్ల సంగతి చూడమనండి. ట్రాక్ పనులంటారు, రైలు బదులు బస్సంటారు, ఆ బస్సేమో స్టేషన్ వెనక ఎక్కడో ఆగుతుంది.