ఛాతీ ఆపరేషన్‌కు డబ్బు కట్టే ముందు డాక్టర్ డిగ్రీ అడగండి

ప్రశ్న: నా వయసు 23. మాది గుంటూరు. ఇంటర్ చదివేటప్పటి నుంచి ఛాతీ ఆడవాళ్లకున్నట్టు ఉబ్బుగా ఉంది. టీషర్టు వేసుకోవాలంటే సిగ్గు. విజయవాడ బెంజి సర్కిల్ వైపు ఒక కాస్మెటిక్ సెంటర్‌లో అడిగితే గంటలో అయిపోతుంది, సాయంత్రానికి ఇంటికెళ్లొచ్చు అన్నారు. నెలాఖరులోగా అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ అట. చేసేది అసలైన ప్లాస్టిక్ సర్జనో కాదో ఎలా తెలుస్తుంది? ఇంట్లో ఇంకా చెప్పలేదు.
– ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ అడ్వాన్స్ కట్టడం ఆపండి. మీ సమస్యను గైనకోమాస్టియా అంటారు, అంటే మగవాళ్ల ఛాతీలో రొమ్ము గ్రంథి పెరగడం. ఎదిగే వయసులో చాలామంది అబ్బాయిలకు వస్తుంది, ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. ఇన్నేళ్లుగా ఉండిపోయింది కాబట్టి మీరు ఆపరేషన్ గురించి ఆలోచించడంలో తప్పేమీ లేదు. కాకపోతే కారణం తేలాలి. థైరాయిడ్, కాలేయ జబ్బులు, కొన్ని రకాల మందులు, జిమ్‌లో అంటగట్టే స్టెరాయిడ్ల వల్ల కూడా ఇలా అవుతుంది. ఒకవైపే గట్టి గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, వృషణంలో గడ్డ ఉన్నా అస్సలు ఆలస్యం చేయకూడదు. చొక్కా విప్పించి చూడకుండా, ఏ మందులు వాడుతున్నారో అడగకుండా రేటు చెప్పారంటే ఆ సెంటర్‌ను అక్కడితో వదిలేయండి.

ఇక డిగ్రీ. ఎంబీబీఎస్ తర్వాత ఎంఎస్ జనరల్ సర్జరీ మూడేళ్లు, ఆపైన ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ మరో మూడేళ్లు. లేదంటే దానికి సమానమైన, నేషనల్ బోర్డు ఇచ్చే డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు). బోర్డు మీద చూడాల్సింది ‘ప్లాస్టిక్ సర్జరీ’ అన్న ఆ మాట. ‘కాస్మెటిక్ సర్జన్’, ‘ఈస్తటిక్ ఫిజీషియన్’ అని రాసుకున్నంత మాత్రాన ఆ ఆరేళ్ల శిక్షణ ఉన్నట్టు కాదు. కొద్ది నెలల ఫెలోషిప్ సర్టిఫికెట్లు గోడ నిండా ఉన్నా అంతే. చర్మవ్యాధుల డాక్టర్లు తమ పనిలో నిపుణులే, కానీ ఛాతీ కోసి గ్రంథి తీయడం వాళ్ల పని కాదు.

డాక్టర్ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. ఆ నంబర్ క్లినిక్‌లో కనపడేలా పెట్టాలని, ప్రిస్క్రిప్షన్ మీద, డబ్బు రసీదు మీద కూడా ఉండాలని 2002 నాటి వైద్య నియమావళే చెబుతోంది. కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లో ఆ పేరు వెతకొచ్చు. ఏపీ మెడికల్ కౌన్సిల్ ఆఫీసు విజయవాడలోనే ఉంది, అక్కడా కనుక్కోవచ్చు. ఎంబీబీఎస్ ఒక్కటే నమోదై ఉంటే, మిగతా డిగ్రీల సర్టిఫికెట్లు చూపించమనండి.

డిగ్రీ కంటే ఎక్కువమంది మర్చిపోయేది ఇంకొకటుంది. బోర్డు మీద ఒకరి పేరు, కత్తి పట్టేది ఇంకొకరు. ‘నాకు ఆపరేషన్ చేసేది మీరేనా? మత్తు ఇచ్చేది అనస్థీషియా డాక్టరేనా? ఆ రాత్రి రక్తస్రావమైతే ఎవరొస్తారు?’ అని నేరుగా అడగండి. ఈ ఆపరేషన్‌లో నేను ఎక్కువగా భయపడేది మొదటి 24 గంటలకే. లోపల రక్తం చేరితే ఛాతీ ఒకవైపు బిగుసుకుపోయి, ఉబ్బి, నొప్పి అంతకంతకూ పెరుగుతుంది. వెంటనే కుట్లు విప్పి రక్తం తీసేయాలి. పొద్దున హైదరాబాద్ నుంచి వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే డాక్టరైతే, అర్ధరాత్రి మీరు ఎవరికి ఫోన్ చేస్తారు?

ఫొటోలు చూపిస్తే ఆరు నెలల తర్వాతివి, పక్క నుంచి తీసినవి అడగండి. కొవ్వును లైపోసక్షన్‌తో లాగేస్తారు గానీ చనుమొన కింద గట్టిగా ఉండే గ్రంథిని చిన్న గాటు పెట్టి తీయాల్సి ఉంటుంది. మరీ ఎక్కువ తీసేస్తే అక్కడ గుంట పడుతుంది. ఎదురుగా తీసిన ఫొటోలో ఆ గుంట తెలియదు.

రెండో అభిప్రాయం కోసం దూరం పోనక్కర్లేదు. మీ ఊళ్లోనే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్)లో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. ఓపీకి వెళ్లి చూపించుకోండి. సిగ్గుపడకండి బాబూ, మాకు ఇది రోజూ చూసే సమస్యే.

ఇంట్లో చెప్పకుండా మాత్రం చేయించుకోవద్దు. ఆ రాత్రి మీ పక్కన ఒకరుండాలి, తర్వాత కొన్ని వారాలు బిగుతైన ప్రెషర్ వెస్ట్ వేసుకోవాలి, అది ఎలాగూ దాగదు. నాన్నగారికి చెప్పలేకపోతే అమ్మకో, అన్నయ్యకో చెప్పి, డాక్టర్‌తో మాట్లాడే రోజే వెంట తీసుకెళ్లండి.