ఫిరంగి అంటే కత్తా, తోపా?

సందేహం: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. బడిపిల్లలను హైదరాబాదు తీసుకెళ్లి ఒక మ్యూజియం చూపించాను. పాత ఆయుధాల గదిలో నిటారుగా, పొడుగ్గా ఉన్న కత్తి కింద 'ఫిరంగి' అని రాసి ఉంది. "సార్, ఫిరంగి అంటే గుండ్లు పేల్చేది కదా?" అని ఓ పిల్ల అడిగింది. చీటీలు తారుమారయ్యాయేమో అని తప్పించుకున్నాను. పక్కనే 'పట్టా', 'కటార్', 'ఖంజర్' అనే చీటీలు కూడా ఉన్నాయి. చివరి రెండూ తెలుగులో బాకులే కదా? వీటికి సరైన తెలుగు మాటలేమిటి? 'బ్లేడు'కు తెలుగు ఉందా? (నల్లగొండ జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయుడు)

సమాధానం: చీటీ తారుమారు కాలేదు సార్. అట్లా అని ఆ పిల్ల అడిగింది తప్పూ కాదు. తెలుగు వచ్చిన ఎవరికైనా ఆ అనుమానం రావాల్సిందే.

ఫిరంగి మొదట కత్తీ కాదు, తోపూ కాదు. అది విశేషణం. పశ్చిమ యూరపులోని ఫ్రాంకులు అనే జాతి పేరు అరబ్బుల నోట, పారసీకుల నోట నలిగి ఫరంగ్, ఫరంగీ అయింది. పోనుపోను యూరపువాళ్లందరికీ అదే పేరు పడింది. 1498లో పోర్చుగీసువాళ్లు కాలికట్‌లో దిగారు, 1510లో గోవా పట్టుకున్నారు. ఓడల్లో వచ్చిన సరుకులో కత్తుల అలుగులు కూడా ఉండేవి. (అలుగు అంటే పిడి పోగా మిగిలే బ్లేడు. ఆ మాట సంగతి చివర్లో చెప్తాను, అదే మీ ఆఖరు ప్రశ్నకు జవాబు.) నిటారుగా ఉండే ఆ అలుగులకు మన దక్కనువాళ్లు ఇక్కడి తీరు పిడి బిగించుకున్నారు. ఇనుము పరాయిది, పిడి మనది. అట్లాంటి కత్తి ఫిరంగి. తర్వాత అదే పోలికలో ఇక్కడ చేసిన వాటికీ ఆ పేరే నిలిచింది.

తోపు కూడా అదే దారిన వచ్చింది. 1526 నాటి పానిపట్టు యుద్ధం గురించి రాస్తూ బాబరు తన తోపులను ఫిరంగీలనే అన్నాడు. అంటే విదేశీ కత్తి ఫిరంగి, విదేశీ తోపూ ఫిరంగే. నామవాచకం జారిపోయి విశేషణం ఒక్కటే మిగలడం మనకేం కొత్త కాదు. పెళ్లిలో "పెద్దామె గద్వాల కట్టుకుంది, చిన్నామె పోచంపల్లి కట్టుకుంది" అంటాం. ఊళ్లను ఎవరూ కట్టుకోలేదు కదా, జారిపోయింది చీర. తెలుగువాడి చెవిన మాత్రం ఫిరంగి తోపుగానే ఎక్కువ పడింది. మరాఠీ ప్రాంతంలో కత్తిగా కూడా నిలిచింది. ఇబ్రహీంపట్నం వైపు ఫిరంగి నాలా ఉంది చూడండి, అందులో తోపులేమీ పారలేదు! అక్కడ ఆ మాటకు పాత అర్థమే మిగిలింది. ఆయుర్వేదం కొట్టులో దొరికే పరంగి చెక్క కూడా ఈ కుటుంబానిదే.

(తోపు అన్నాను కనక ఒక పిడకల వేట. "వాడు పెద్ద తోపు" అని మీ పిల్లలు అంటూ ఉంటారు. అది మామిడి తోపులోని తోపు కాదని, ఈ పేలే తోపేనని నా నమ్మకం.)

మరి చీటీ ఎట్లా రాయాలి? 'ఫిరంగి కత్తి' అని. ఇది నేను కొత్తగా పెడుతున్న నియమం కాదు. బయటి నుంచి వచ్చిన ఆయుధం పేరు ఒంటరిగా నిలబడకపోతే తెలుగువాడు దాని పక్కన 'కత్తి' తగిలిస్తాడు. సంస్కృతంలో ఛురిక అంటేనే చిన్న కత్తి. మనం అంతటితో ఊరుకోలేదు, చురకత్తి అన్నాం. పండితులు దీన్ని పునరుక్తి అంటారు కానీ నాకిది తెలివిగానే కనిపిస్తుంది. వినేవాడికి అర్థం కావడం కదా ముఖ్యం. పట్టాకత్తి కూడా అంతే. మ్యూజియంలో మీరు చూసిన 'పట్టా' మరాఠా సైనికుల ఆయుధం. ముంజేతిని కప్పే ఇనుప తొడుగు, దాని లోపల అడ్డంగా పట్టుకునే కడ్డీ, ముందు పొడుగాటి అలుగు. తెలుగులోకి వచ్చాక తొడుగు సంగతి మరిచిపోయి, భయపెట్టే పొడుగు కత్తి ఏదైనా పట్టాకత్తే అయింది. రైతు ఇంటి పిల్లలకు ఉత్త 'పట్టా' అని చూపిస్తే గుర్తొచ్చేది పాసుబుక్కు. కాబట్టి అక్కడా 'పట్టాకత్తి' అనే రాయాలి.

ఇక కటార్, ఖంజర్ రెండూ బాకులే కదా అన్నారు. నిఘంటువులు మీ పక్షమే. కటారి అంటే బాకు, బాకు అంటే చురకత్తి, చురకత్తి అంటే మళ్లీ కటారి అని గుండ్రంగా తిప్పుతాయి. నేను ఇక్కడ నిఘంటువు కంటే క్రియనే నమ్ముతాను. ఆయుధం ఎంత పొడుగుంది అని కాకుండా, దానితో ఏం చేస్తారు అని అడిగి చూడండి.

కత్తి అన్నది మన సొంత మాట. తమిళంలో, కన్నడంలో కూడా కత్తే. దానికి కొలత లేదు. మంగలి చేతిలోదీ కత్తే, మాంసం కొట్టేదీ కత్తే, మోకు, ముత్తాదు వేసుకుని తాటిచెట్టు ఎక్కే గౌడన్న నడుముకు ఉన్నదీ కత్తే, యుద్ధంలో దూసేదీ కత్తే. కత్తితో గీస్తారు, కోస్తారు, చెక్కుతారు, నరుకుతారు, అవసరమైతే పొడుస్తారు. బాకుకు ఆ వైభోగం లేదు. దాని పని పొడవడం ఒక్కటే. "బాకుతో మామిడికాయ కోసింది" అని రాస్తే ఎవరైనా నవ్వుతారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్‌దిగా చూపించే రత్నాలు పొదిగిన ఆయుధం ఒకటుంది. పండ్లు కోసుకునేదట. అది ఎంత సింగారించుకున్నా కత్తే, బాకు కాదు.

సంస్కృతం దారి వేరు, దానికి కొలతలు కావాలి. ఖడ్గానికి ఉన్న పేర్లలో నిస్త్రింశం ఒకటి. 30 అంగుళాలు మించినది అని వ్యుత్పత్తి చెప్తారు. ఈ అంగుళం ఇంచి కాదు, వేలి వెడల్పు. చిన్నదానికేమో అమరకోశం అసిపుత్రి అని ముద్దుపేరు ఇచ్చింది. కత్తి కూతురు! అన్నట్టు తల్వార్ ఉర్దూ మాట, కరవాలం మన మాట అనుకునేవాళ్లున్నారు. తల్వార్‌కు మూలం కూడా సంస్కృతమే, తరవారి.

కటారికి క్రియ పొడవడం కూడా కాదు, గుద్దడం. మీరు చూసినదాన్ని గుర్తు తెచ్చుకోండి. మామూలు బాకుకు పిడి, అలుగు ఒకే వరసలో ఉంటాయి. కటారికి రెండు నిలువు కడ్డీలు, వాటి మధ్య అడ్డంగా పట్టు. పిడికిలి బిగిస్తే కడ్డీలు ముంజేతికి అటూ ఇటూ ఆనుకుంటాయి, అలుగు వేళ్ల ముందుకు వస్తుంది. పిడిగుద్దుకు మొన పెడితే కటారి. దక్షిణాది పాత కటారులకు చేతి వెలుపల రక్షణగా ఒక రేకు కూడా ఉంటుంది. తంజావూరు ఆయుధాగారం నుంచి వచ్చినవాటిలో ఇది బాగా కనిపిస్తుంది. కాబట్టి దాన్ని 'బాకు' అని రాస్తే ఆ ఆయుధం ప్రత్యేకత పోతుంది. 'కటారి' అన్న మాట మన దగ్గర సిద్ధంగా ఉండగా 'కటార్' అని హిందీ ముగింపు ఎందుకు?

పిడిబాకు అంటే పిడి ఉన్న బాకు అని చాలామంది చెప్తారు. పిడి లేని బాకు ఎక్కడుంది సార్? పిడికిలిలోని పిడే ఇది, పిడికిట ఇమిడే బాకు అని నా ఊహ.

ఖంజర్ అరబ్బీ నుంచి వచ్చిన పేరు. ఇది నిజంగా బాకే, 'ఖంజరు బాకు' అనొచ్చు. ఒక్క జాగ్రత్త, తెలుగు చేయబోయి చివర ఇకారం పెట్టొద్దు. ఖంజరి అయితే భజనలో వాయించేది అవుతుంది.

బ్లేడుకు తెలుగు మీ చెరువు కట్ట మీదే ఉంది. పానగల్లు ఉదయసముద్రం అలుగు పారితే చూడటానికి పోతాం కదా, అదే మాట కత్తికీ ఉంది. కత్తి అలుగు, బాణపు అలుగు. పదునైన అంచు వాదర, కొస మొన, పట్టుకునేది పిడి, దాచేది ఒర. ఈ అయిదు మాటలతో ఆ గదిలోని చీటీలు దాదాపు అన్నీ తెలుగులో రాయొచ్చు. మ్యూజియంవాళ్లకు ఒక ఉత్తరం రాయండి. ఆ పిల్లతోనే రాయిస్తే ఇంకా మంచిది. చీటీ ఇట్లా ఉంటే చాలు:

ఫిరంగి కత్తి. అలుగు యూరపుది, పిడి దక్కనుది.