సెట్టు కొనేముందు కార్డు వెనక్కి తిప్పి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

సేకరించి ఆడుకునే ఆట కార్డుల లిమిటెడ్ ఎడిషన్ సెట్టు కొనాలని ఉందన్నావు. డబ్బు కట్టేముందు ఒక్క సంగతి తేల్చుకో: వాటితో ఆడతావా, దాచుకుంటావా? కొన్ని సెట్లు పోటీ ఆటకు పనికిరావు. మ్యాజిక్ ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో 1993 డిసెంబరులో వచ్చిన కలెక్టర్స్ ఎడిషనే చూడు. ముందువైపు బొమ్మా, రాతా బీటా (ఆ ఆట తొలి సెట్టు రెండో ముద్రణ) కార్డువే. వెనక మాత్రం బంగారు రంగు అంచు ఉంటుంది, మూలలు గుండ్రంగా తిరగకుండా కోసుగా ఉంటాయి. అధికారిక టోర్నమెంట్లలో చెల్లదు. 2022లో 999 డాలర్లకు అమ్మిన 30వ వార్షికోత్సవ ఎడిషనూ అంతే. నాలుగు ప్యాకెట్లు, ఒక్కోదానిలో 15 కార్డులు, టోర్నమెంట్లలో చెల్లేది ఒక్కటీ లేదు.

మోసం జరిగేదీ ఇక్కడే. ఆ కలెక్టర్స్ ఎడిషన్ కార్డు మూలలు గుండ్రంగా కత్తిరించి, వెనక నల్లగా ఉండే స్లీవ్‌లో (కార్డుకు తొడిగే ప్లాస్టిక్ తొడుగులో) దూర్చి బీటా అని అంటగడతారు. అందుకని స్లీవ్ తీసిన వెనకవైపు ఫొటో, నాలుగు మూలల దగ్గరి ఫొటోలు అడుగు. ఇవ్వనంటే ఆ బేరం వదిలెయ్. చేతితో కత్తిరించిన మూలలు నాలుగూ ఒకేలా రావు. చేతికొచ్చాక పది రెట్ల భూతద్దంలో చూడు: మ్యాజిక్ కార్డులో రంగులు చుక్కల చుక్కలుగా ఉన్నా నల్ల అక్షరాలు నిండుగా, అంచులు తేటగా కనిపించాలి. అక్షరాల్లోనూ చుక్కలుంటే అది స్కాన్ చేసి అచ్చేసిన నకిలీ.

సీల్ విప్పని పెట్టె అయితే పైకవరు అతుకు, బిగువు, మూతల దగ్గర జిగురు చూడు. అదే సెట్టు అసలు పెట్టె ఫొటో పక్కన పెట్టుకుని చూడు. విప్పితే ఆ రోజే జాబితా ప్రకారం లెక్కపెట్టుకో. పెట్టె, సర్టిఫికెట్ పారేయకు.

స్లీవ్‌లు కొలత చూసి కొను. మ్యాజిక్, పోకెమాన్ కార్డులు 63×88 మిల్లీమీటర్లు. యు-గి-ఓ అనే ఇంకో ఆటవి 59×86, ఒకదానివి ఇంకోదానికి సరిపడవు. ఒక్కో కార్డుకు రెండు తొడుగు: లోపలిది బిగుతుగా ఉండేది, నోరు కిందికి. పైది 66×91, నోరు పైకి. అలా అయితే లోపలికి దుమ్ము చేరదు. నెమ్మదిగా తొయ్యి, గాలి చిక్కుకుంటే మూల నలుగుతుంది. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌వే తీసుకో. పీవీసీ అయితే అందులోని మెత్తబరిచే పదార్థం ఊరి, కార్డుకు జిగటగా అంటుకుంటుంది. రబ్బరు బ్యాండు అసలు వద్దు.

ఫాయిల్ (మెరిసే) కార్డులకు అన్నిటికన్నా పెద్ద శత్రువు తేమ. కాగితం తేమ పీల్చి ఉబ్బుతుంది, పైన ఉన్న మెరుపు పొర ఉబ్బదు. దాంతో కార్డు బొమ్మ వైపుకి దొన్నెలా ముడుచుకుంటుంది. మరీ ఎండిపోతే ఎదురు వైపుకి వంగుతుంది. కాబట్టి తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు గుప్పెడు కుక్కడం తప్పు. మూత గట్టిగా పట్టే డబ్బాలో తేమ కొలిచే మీటరు పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య నిలిచేదాకా ఒక్కో పొట్లం వేస్తూ, తీస్తూ సరిచూడు. వంగిన కార్డును బరువు కింద పెట్టినా, తేమ సర్దుకోకపోతే తీసిన మర్నాటికి మళ్లీ వంగుతుంది.

మీ బాబాయ్