67 పాయింట్లు దాటితే కెనడా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చేసినట్టేనా?

మీ ప్రశ్న పెద్దది కాబట్టి, తరవాత చదివేవాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తున్నాను. మీకు 33 ఏళ్ళు, జేఎన్టీయూ బీటెక్, హైదరాబాద్‌లో ఎనిమిదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ డెవలపర్. ఐఈఎల్‌టీఎస్ జనరల్ ఇంగ్లీషు పరీక్షలో లిజనింగ్ 8, రీడింగ్ 7.5, రైటింగ్ 6.5, స్పీకింగ్ 7 వచ్చాయి. మీ ఆవిడకి 29 ఏళ్ళు. ఎంఎస్సీ, బీఈడీ చేసి నాలుగేళ్ళుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నారు, ఐఈఎల్‌టీఎస్ రాయలేదు. మూడేళ్ళ పాప ఉంది. కన్సల్టెన్సీ వాళ్ళు "67 కావాలి, మీకు 71 వచ్చాయి, పీఆర్ ఖాయం, అడ్వాన్స్ కట్టండి" అన్నారు. కట్టొచ్చా అని అడిగారు.

71 వచ్చాయన్నది నిజమే. పీఆర్ ఖాయం అన్నది మాత్రం నిజం కాదు. ఇప్పుడే కట్టకండి.

నేను 2018లో ఇదే ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ దారిలో, పీఆర్‌కి అప్లై చేయమనే ఇన్విటేషన్ తీసుకుని, మరుసటి ఏడాది మావారితో కలిసి కెనడాలోని మిసిసాగా వచ్చాను. పై ర్యాంకుల వాళ్ళని ఎంచి ఇన్విటేషన్లు ఇవ్వడాన్ని డ్రా అంటారు. అప్పుడు ఆ డ్రాల కట్-ఆఫ్‌లు 1200కి 440 చుట్టూ తిరిగేవి. ఇప్పటి పరిస్థితి వేరు, అందుకే నా కథ కన్నా మీ లెక్కే ఎక్కువ చెప్తాను.

ఇక్కడ లెక్కలు రెండున్నాయి. చాలామంది వాటిని కలిపేస్తారు, కొందరు కావాలనే కలిపి చెప్తారు. మొదటిది వందకి 67. చదువు, భాష, అనుభవం, వయసు, కెనడాలో ఉద్యోగం ఖాయమై ఉంటే దానికి కొన్ని, అక్కడ ఇమిడిపోగలరా అన్నదానికి కొన్ని. మీకు భాషకి 23, బీటెక్‌కి 21, ఆరేళ్ళు దాటిన అనుభవానికి 15, వయసుకి 12, మొత్తం 71. దీంతో మీకు దక్కేది ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పూల్‌లోకి, అంటే పోటీపడే అభ్యర్థుల జాబితాలోకి, అడుగుపెట్టే అర్హత, అంతే. ఎంసెట్‌లో క్వాలిఫై అవడం వేరు, సీటొచ్చే ర్యాంకు వేరు కదా, అలాగే. ర్యాంకు తేల్చేది రెండో లెక్క. దాన్ని సీఆర్‌ఎస్ అంటారు, మొత్తం 1200. డ్రా తీసేటప్పుడు చూసేది ఈ అంకెనే. కన్సల్టెన్సీ వాళ్ళు మీకు ఈ అంకె చెప్పలేదంటేనే నాకు అనుమానం.

మీరు చెప్పిన వివరాలతో నేను వేశాను. భార్య కూడా వస్తున్నారనుకుంటే 33 ఏళ్ళకి 80, బీటెక్‌కి 112, భాషకి 109. చదువుకీ అనుభవానికీ భాష తోడైతే వచ్చే అదనపు పాయింట్లు 38. మీ ఆవిడ ఎంఎస్సీని మాస్టర్స్‌గా గుర్తిస్తే దానికి 10. మొత్తం 349. ఈ అంకెతో మీకు ఇన్విటేషన్ వచ్చే డ్రా ఏదీ నాకు కనపడటం లేదు.

ఇప్పుడు ఆ రైటింగ్ 6.5 వైపు చూడండి. కెనడా వాళ్ళు ఐఈఎల్‌టీఎస్ బ్యాండ్లని సీఎల్‌బీ అనే తమ కొలతలోకి మార్చుకుంటారు. సీఎల్‌బీ 9 అంటే లిజనింగ్ 8, మిగతా మూడూ 7. మీకు మూడు విభాగాల్లో సీఎల్‌బీ 9 ఉంది, రైటింగ్‌లో ఒక్క అర బ్యాండ్ తగ్గి 8 దగ్గర ఆగింది. ఆ అర బ్యాండ్‌కి పోయింది ఏడు పాయింట్లేనని అనిపిస్తుంది. కానీ అదనపు పాయింట్లు పూర్తిగా రావాలంటే నాలుగు విభాగాల్లోనూ సీఎల్‌బీ 9 ఉండాలి. ఒక్కటి తగ్గినా సగమే ఇస్తారు. రైటింగ్ 7 అయితే మీ 349 కాస్తా 393 అవుతుంది. అర బ్యాండ్‌కి 44 పాయింట్లు! ఒక పరీక్షలో రైటింగ్, ఇంకో పరీక్షలో లిజనింగ్ తీసుకుని కలపడం కుదరదు, నాలుగూ ఒకే పరీక్షలో రావాలి. రిజల్ట్ రెండేళ్ళే చెల్లుతుందని కూడా గుర్తుంచుకోండి.

సరే, 393 కూడా చాలదు. మరి దారి ఏమిటంటే, మీ ఇంట్లోనే ఉంది. మీ ఆవిడని ప్రిన్సిపల్ అప్లికెంట్‌గా, అంటే ప్రధాన దరఖాస్తుదారుగా పెట్టి లెక్క వేయండి.

29 ఏళ్ళకి 100. ఎంఎస్సీని మాస్టర్స్‌గా గుర్తిస్తే 126. ఆవిడ నాలుగింట్లోనూ సీఎల్‌బీ 9 తెచ్చుకుంటే భాషకి 116. మాస్టర్స్‌కి భాష తోడైనందుకు 50, మూడేళ్ళు దాటిన అనుభవానికి భాష తోడైనందుకు ఇంకో 50. ఇక్కడికి 442. మీరు భర్తగా పక్కన ఉంటే మీ బీటెక్‌కి 8, ఇప్పుడున్న ఐఈఎల్‌టీఎస్ స్కోర్లకే 18. మొత్తం 468. అదే కుటుంబం, అవే సర్టిఫికెట్లు, ఫారం మీద మొదటి పేరు మారింది, అంతే. ఆవిడకి నాలుగింట్లోనూ సీఎల్‌బీ 8 మాత్రమే వస్తే ఇది 390కి పడిపోతుందని కూడా చెప్పాలి. కాబట్టి మీ ఇద్దరి ప్రయత్నమంతా ఇప్పుడు ఆవిడ ఐఈఎల్‌టీఎస్ మీద పెట్టండి. ఆవిడకి 30 నిండితే వయసు పాయింట్లు 100 నుంచి 95కి దిగుతాయి, ఆలస్యం చేయొద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2023 నుంచి కెనడా వాళ్ళు వృత్తుల వారీగా కూడా డ్రాలు తీస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో ఆ జాబితాలు మార్చినప్పుడు సైన్స్, టెక్నాలజీ కేటగిరీలోంచి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లనీ డెవలపర్లనీ తీసేశారు. అదే సమయంలో విద్యారంగం కొత్తగా చేరింది, హైస్కూల్ టీచర్లు అందులో ఉన్నారు. 2025 మే 1న ఆ కేటగిరీ డ్రా 479 దగ్గర ఆగింది, సెప్టెంబరు 17న 462కి వచ్చింది. ఆవిడ 468ని వీటి పక్కన పెట్టి చూడండి. మేలో అయితే వచ్చేది కాదు, సెప్టెంబరులో వచ్చేది. జాబితాలు మారుతుంటాయి కాబట్టి ప్రొఫైల్ వేసేముందు కెనడా వలసల శాఖ ఐఆర్‌సీసీ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. కేటగిరీతో పనిలేకుండా అందరికీ కలిపి తీసే సాధారణ డ్రా మీద ఆశ పెట్టుకోకండి. 2024 ఏప్రిల్ 23న 529 దగ్గర ఒకటి తీశాక, 2025లో అలాంటిది తీయలేదు.

మా ఇంట్లో కూడా నేనే ప్రిన్సిపల్ అప్లికెంట్. నాది ఎంకాం, అకౌంట్స్‌లో ఉద్యోగం. మావారిది మెకానికల్, నాకన్నా అయిదేళ్ళు పెద్ద. మొదట అందరూ ఆయన పేరు మీదే వేయాలన్నారు. "మగపిల్లాడి పేరు మీద కాకుండా కోడలి పేరు మీద వీసా ఏమిటి?" అని మా అత్తగారు చాలా బాధపడ్డారు. మావారు ఇద్దరి లెక్కా కాగితం మీద వేసి ఆవిడ ముందు పెట్టి, ఎవరి పేరు మీద వేసినా ఇద్దరికీ వచ్చేది ఒకే పీఆర్ అని ఓపిగ్గా చెప్పారు. ఆ సాయంత్రం ఆయన నా వైపు నిలబడకపోతే మేమిక్కడ ఉండేవాళ్ళం కాదు. మీ ఇంట్లో కూడా ఈ మాట వస్తే, దయచేసి ఆవిడ చేత చెప్పించకండి, మీరే చెప్పండి.

కన్సల్టెన్సీ సంగతికొస్తాను. పూల్‌లో ప్రొఫైల్ పెట్టడానికి ప్రభుత్వం ఒక్క డాలరు కూడా తీసుకోదు, మీ ఇద్దరూ చెరొక ప్రొఫైల్ పెట్టుకోవచ్చు కూడా. డబ్బు తీసుకుని సలహా ఇవ్వాలంటే కెనడాలో లైసెన్స్ ఉన్న లాయరో, కన్సల్టెంటో అయ్యుండాలి. కన్సల్టెంట్ల పేర్లు, వాళ్ళకి లైసెన్స్ ఇచ్చే సంస్థ అయిన 'కాలేజ్' రిజిస్టర్‌లో ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. నంబరు అడగండి, వెతికి చూడండి. ఇంకో మాట, జాబ్ ఆఫర్ ఇప్పిస్తాం, పాయింట్లు పెరుగుతాయి అని ఎవరైనా లక్షలు అడిగితే అక్కణ్ణించి లేచి వచ్చేయండి. జాబ్ ఆఫర్‌కి ఇచ్చే సీఆర్‌ఎస్ పాయింట్లని 2025 మార్చి 25 నుంచి పూర్తిగా ఎత్తేశారు. పైగా అందులో అబద్ధం ఉందని తేలితే అయిదేళ్ళ నిషేధం పడేది మీ మీద, కన్సల్టెన్సీ మీద కాదు.

అసలు కష్టం కాగితాల దగ్గరుంది. ముందు ఈసీఏ. మీ చదువు కెనడాలో దేనికి సమానమో చెప్పే నివేదిక అది, మనవాళ్ళు ఎక్కువగా వెస్ (WES) అనే సంస్థ దగ్గర చేయించుకుంటారు. మూడేళ్ళ బీఎస్సీ తరవాత చేసిన ఎంఎస్సీని మాస్టర్స్‌గా రాశారా లేదా అన్నది ఆ నివేదిక చేతికొచ్చాకే ఖాయం. అందుకే నేను వేసిన 126ని అప్పటిదాకా పెన్సిల్‌తోనే రాసుకోండి. మార్కుల శాతంతో పాయింట్లకి సంబంధం లేదు, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయని భయపడక్కర్లేదు. ట్రాన్‌స్క్రిప్టులు మాత్రం యూనివర్సిటీ నుంచే వెళ్ళాలి. పరీక్షల విభాగం చుట్టూ తిరగడానికి టైమ్ పడుతుంది, ఐఈఎల్‌టీఎస్ చదువుతుండగానే ఆ పని మొదలుపెట్టండి. ఈసీఏ అయిదేళ్ళు చెల్లుతుంది.

తరవాత అనుభవం లెటర్. ఇక్కడ మీ ఆవిడ విషయంలో నాకు నిజంగా దిగులుగా ఉంది. మన ప్రైవేటు స్కూళ్ళు ఇచ్చే సర్వీస్ సర్టిఫికెట్‌లో "ఈమె ఫలానా తేదీ నుంచి మా దగ్గర పనిచేశారు, నడవడిక బాగుంది" అని రెండు వాక్యాలుంటాయి. కెనడాకి అది చాలదు. హోదా, చేసిన పనులు, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత, ఇవన్నీ లెటర్‌హెడ్ మీద సంతకంతో, ఫోన్ నంబరుతో ఉండాలి. ఆ పనులు ఎన్ఓసీ అనే కెనడా వృత్తుల జాబితాలో ఆ వృత్తికి రాసిన వివరణతో పొసగాలి. అలాగని అందులోని వాక్యాలు మక్కీకి మక్కీ దించకండి, ఆఫీసర్లకి తెలిసిపోతుంది. ఆవిడ నిజంగా ఏం చేస్తారో అదే రాయించండి: ఏయే తరగతులకి లెక్కలు, పేపర్లు తయారుచేయడం, దిద్దడం, తల్లిదండ్రులతో మాట్లాడటం. జీతం చేతికి నగదుగా ఇస్తున్నారా, బ్యాంకులో పడుతోందా అన్నది ఇవాళే చూడండి. నగదైతే ఈ నెల నుంచే బ్యాంకులో వేయమని అడగండి, పాతవాటికి జీతాల రిజిస్టర్ కాపీ, అపాయింట్‌మెంట్ ఆర్డరు సంపాదించండి. వేసవి సెలవుల్లో జీతం ఇవ్వని స్కూలైతే ఆ నెలల సంగతి లెటర్‌లో ఉన్నదున్నట్టు రాయించండి. నాకు తెలిసిన ఒకావిడ అర్హత అంతా ఉండి, స్కూలు యాజమాన్యం లెటర్ ఇవ్వక ఆగిపోయింది. అలాంటప్పుడు తోటి టీచర్ల అఫిడవిట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కలిపి, లెటర్ ఎందుకు దొరకలేదో వివరణ రాసి పెట్టొచ్చు, కానీ అది రెండో దారి. మీ కంపెనీ హెచ్ఆర్ పనుల వివరాలు రాయడానికి ఒప్పుకోకపోతే మీకూ అంతే.

పేర్లు కూడా చూసుకోండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, ఎంఎస్సీ సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు, మధ్యలో ఎక్కడో ఉత్త ఇనీషియల్. మన తెలుగువాళ్ళ ఫైళ్ళలో ఇది మామూలే. ఈ పేర్లన్నీ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించి ఉంచండి.

డబ్బు. ముగ్గురున్న కుటుంబానికి 2025 జులైలో పెట్టిన లెక్క ప్రకారం 23,360 కెనడా డాలర్లు చూపించాలి, మన డబ్బులో పద్నాలుగు, పదిహేను లక్షలు. అప్పు తెచ్చి చూపించకూడదు. ఆరు నెలల సగటు నిల్వ బ్యాంకు లెటర్‌లో రాయించాలి కాబట్టి ఇప్పటి నుంచే పోగుచేయండి. ఇన్విటేషన్ వచ్చాక అన్నీ సమర్పించడానికి 60 రోజులే ఇస్తారు. 2025 ఆగస్టు 21 నుంచి మెడికల్ కూడా అప్లికేషన్‌తో పాటే పెట్టాలి.

ఫ్రెంచ్ గురించి కూడా అడిగారు. ఏడాదికి పైగా గట్టిగా కూర్చోగలిగితేనే దిగండి. టెఫ్, టీసీఎఫ్ అనే ఫ్రెంచ్ పరీక్షల్లో ఏదో ఒకదాంట్లో నాలుగు విభాగాల్లో ఏడో స్థాయి వస్తే 50 అదనంగా వస్తాయి, ఫ్రెంచ్ కేటగిరీ డ్రాలకీ అర్హత వస్తుంది. అందులో కట్-ఆఫ్ 2025 మార్చి 21న 379 దాకా దిగింది. ఆవిడకి సీఎల్‌బీ 9 రాని పక్షంలో మీ కుటుంబానికి మిగిలే మంచి దారి ఇదే. కెనడాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చే నామినేషన్‌కి 600 ఇస్తారు, కానీ హైదరాబాద్‌లో కూర్చుని అది దొరకడం ఇప్పుడు చాలా కష్టం, దాని మీద ప్లాన్ కట్టుకోకండి.

ఒక్కటి ముందే ఆవిడకి చెప్పండి. టీచర్‌గా పీఆర్ వచ్చినంత మాత్రాన ఇక్కడ ప్రభుత్వ బడిలో పాఠం చెప్పలేరు. మేముండే ఒంటారియో రాష్ట్రంలో అయితే, టీచర్లకి లైసెన్స్ ఇచ్చే కాలేజ్ ఆఫ్ టీచర్స్ దగ్గర సర్టిఫికేషన్ తీసుకోవాలి. బీఈడీ మార్కుల జాబితాలు, ట్రాన్‌స్క్రిప్టులు వాళ్ళకీ విడిగా పంపాలి. ఈసీఏ కోసం యూనివర్సిటీకి వెళ్ళినప్పుడే బీఈడీ ట్రాన్‌స్క్రిప్టులు యూనివర్సిటీ నుంచి నేరుగా వాళ్ళకి పంపించే పద్ధతి కూడా కనుక్కోండి. ఇక్కడికొచ్చాక వాటి కోసం మళ్ళీ ఎవరినో హైదరాబాద్‌లో తిప్పాల్సిన పని తగ్గుతుంది.