పాత ఇంగ్లండ్‌లో ఒక్క తిట్టుకే కోర్టుకు ఎందుకెక్కేవారు?

“1600ల నాటి ఇంగ్లండ్‌లో ఇరుగుపొరుగు తిట్టుకున్నా కోర్టుకెక్కేవారట. అంత పట్టింపు ఎందుకు, జనానికి వేరే పని లేదా?” అని అడిగారు. ఉన్న పని పోతుందన్న భయంతోనే ఎక్కేవారు. నేను జిల్లా కోర్టులో లాయర్ని. అంతకుముందు ఇంగ్లండ్‌లో న్యాయచరిత్ర చదువుకున్నప్పుడు ఆ కాలపు సాక్ష్యాల కాగితాలు కొన్ని చూశాను. ఆ రెంటినీ కలిపి చెబుతున్నాను.

అప్పట్లో చేతిలో నాణేలకు కటకట. కొట్టు సరుకైనా కూలి డబ్బైనా చాలావరకు అరువు మీదే నడిచేది. ఎవరికి అరువివ్వచ్చు, ఎవరిని పనిలో పెట్టుకోవచ్చు, ఎవరింటి పిల్లను చేసుకోవచ్చు అన్నది వీధిలో ఉన్న పేరును బట్టే. ఇదెలా ఉంటుందో నాకు బాగా తెలిసింది ఒక క్లయింటు వల్ల. ఆవిడ తమ వీధిలో చీటీలు వేయించేది. ఎవరింట్లోనో ఫంక్షన్‌లో భోజనాల దగ్గర ఒకతను “ఈవిడ చీటీ డబ్బులు మింగేసింది” అనేశాడు. ఆ నెల చీటీ పాటకు చాలామంది రానే లేదు. మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేట్ కంప్లైంట్ వేశాం. నష్టపరిహారం సంగతి ఎత్తితే, “డబ్బులెందుకు సార్, ఆ రోజు పంక్తిలో కూర్చున్నవాళ్ళందరి ముందూ తప్పయిందని అనమనండి చాలు” అంది. చివరికి రాజీ కూడా అలాగే కుదిరింది.

ఇంగ్లండ్‌లో చర్చి కోర్టులు ఇచ్చింది సరిగ్గా అదే. బిషప్పుల కింద నడిచే ఆ కోర్టులకు నష్టపరిహారం ఇప్పించే అధికారం లేదు, కోర్టు ఖర్చులు మాత్రం ఇప్పించేవి. ఓడినవాళ్ళు చర్చిలో పాదిరి ముందు, మాట పడ్డ మనిషి ముందు నిలబడి, కోర్టు రాసిచ్చిన క్షమాపణ పలకాలి. లెక్కచేయకపోతే మతం నుంచి వెలి. 17వ శతాబ్దం మొదట్లో లండన్ చర్చి కోర్టుకు పరువు కేసులతో వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, ఎక్కువగా వినిపించే తిట్టు ‘లంజ’, లేదంటే ఆ వరసదే. పెళ్ళయిన ఆడది తన పేరు మీదే దావా వేయగలిగేది కూడా అక్కడే. మామూలు కోర్టుకు వెళ్తే భర్త కూడా ఫిర్యాదిగా చేరాల్సిందే.

ఆ కాగితాల్లో తంతు మాటలన్నీ లాటిన్‌లో సాగుతుంటాయి. తిట్టు దగ్గరికి వచ్చేసరికి గుమాస్తా ఇంగ్లీషులోకి దిగిపోతాడు. అన్న మాట అన్నట్టే రికార్డు కావాలి మరి. సాక్షులు తాము గుమ్మంలో ఉన్నారా, కొట్టులో ఉన్నారా, ఇంకా ఎవరెవరు విన్నారు అన్నది పూసగుచ్చినట్టు చెబుతారు. నన్నడిగితే కేసు బలమంతా అక్కడే. నాలుగ్గోడల మధ్య అన్న తిట్టు కోపం తెప్పిస్తుందేమో గానీ అరువు ఆపదు.

పెద్దింటివాళ్ళకూ ఇది తప్పలేదు. షేక్స్పియర్ పెద్దకూతురు సుసానా హాల్ స్ట్రాట్‌ఫర్డ్‌లో వైద్యుడి భార్య. 1613లో జాన్ లేన్ అనేవాడు ఆమెకు రేఫ్ స్మిత్ అనే అతనితో సంబంధం ఉందనీ, సుఖరోగం కూడా ఉందనీ ప్రచారం చేశాడు. ఆమె వూస్టర్‌లో బిషప్ కోర్టులో కేసు వేసింది. అతను కోర్టు మొహం చూడలేదు. వెలేశారు. తండ్రి అప్పటికి బతికే ఉన్నాడు.

దొంగ, హంతకుడు లాంటి నేరం అంటగడితేనో, వృత్తికి దెబ్బ తగిలే మాట అంటేనో మామూలు కోర్టులో పరిహారం అడగొచ్చు. అలా అడిగేవాళ్ళు ఎక్కువైపోయి జడ్జీలు తల పట్టుకున్నారు. మాటకు వీలైనంత మెత్తటి అర్థం తీసి కేసు కొట్టేయడం మొదలుపెట్టారు. ఇందులో నాకు ఇష్టమైనది సర్ థామస్ హోల్ట్ కేసు. బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ హాల్ కట్టించినాయన. “హోల్ట్ తన వంటవాడి నెత్తిన కత్తి వేశాడు, తల రెండు చెక్కలై ఒకటి ఈ భుజమ్మీద, ఇంకొకటి ఆ భుజమ్మీద పడింది” అని ఒకడు అన్నాడు. హోల్ట్ దావా వేశాడు. వంటవాడు చచ్చిపోయాడని ఆ మాటల్లో ఎక్కడా లేదు కదా, కాబట్టి హత్య అంటగట్టినట్టు కాదు అని కోర్టు తేల్చింది! జడ్జీలు నవ్వు ఆపుకుని రాశారో, నిజంగానే రాశారో. 1623 చట్టం ఇంకో బిగింపు బిగించింది: తిట్టు కేసు రెండేళ్ళలోపు వేయాలి, పరిహారం 40 షిల్లింగులకు తక్కువైతే ఖర్చులు దాన్ని మించి రావు.

వెక్కిరింపు పద్యాలు రాసి తలుపులకు అంటిస్తే వ్యవహారం రాజు సలహాదారులు, పెద్ద జడ్జీలు కూర్చునే స్టార్ చాంబర్ కోర్టుకు పోయేది. రాసింది నిజమైనా తప్పేనని 1605లో అక్కడ తేల్చేశారు. “నువ్వసలు జెంటిల్‌మనే (పెద్దింటివాడివే) కాదు” అంటే కత్తులు దూస్తారని 1630ల్లో షివల్రీ కోర్టు, అంటే పెద్దింటివాళ్ళ పరువు తగాదాలు చూసే కోర్టు, అలాంటి కేసులు విన్నది. 1640ల మొదటికల్లా రెండూ మూతపడ్డాయి.

ఆడవాళ్ళ కథ మాత్రం ఇంకా సాగింది. 1855లో చర్చి కోర్టుల చేతిలోంచి పరువు కేసులు తీసేశారు. మామూలు కోర్టేమో, శీలం మీద మాట పడ్డ ఆడది దానివల్ల ఫలానా నష్టం జరిగిందని చూపిస్తే తప్ప పట్టించుకోదు. ఈ లోటు తీర్చే చట్టం 1891లో గానీ రాలేదు. అదే ఇంగ్లీషువాళ్ళు మనకు రాసిన 1860 శిక్షాస్మృతిలో, సెక్షన్ 499 కింద, నోటితో అన్నా రాసినా ఒకటే, నడవడి మీద నింద వేసినా నేరమే అయ్యేది (2024లో ఆ శిక్షాస్మృతి స్థానంలో కొత్త చట్టం వచ్చింది). అంటే కాగితం మీద మన తాలూకా కోర్టు మెట్లెక్కిన ఆడమనిషికి ఉన్న దారి లండన్ ఆడమనిషికి చాలా ఏళ్ళు లేదు. మన దగ్గర అది ఏ మేరకు అమలైందంటారా, దాన్ని వేరే ప్రశ్నగా అడగండి, ఇక్కడ చోటు చాలదు.