సేద్యం అన్నాడు, సేద్యం అనే రాసుకున్నా

కోవూరు,
ఆదివారం పొద్దున

చిరంజీవి అమ్మణ్ణికి పెదనాయన ఆశీస్సులు.

నీ పరిశోధన కోసం విడవలూరు, ఇందుకూరుపేట తట్టు పల్లెల్లో పేదరికం మీద ఇంటింటి సర్వే చేయబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ పూట మీ పెద్దమ్మ పెట్టిన అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నా. రాత్రి మాత్రం నిద్ర పట్టలా. అందుకే ఈ ఉత్తరం.

పొద్దున పోతే ఇళ్లలో ముసలోళ్లు తప్ప ఎవరూ ఉండరు, నాట్ల రోజుల్లో వాళ్లూ ఉండరు. సాయంత్రం పో, ఆఖరి బస్సు దాకా ఆగబాక. టార్చి పెట్టుకో, రొయ్యల గుంటల గట్ల మీద పాములుంటాయి. టీ ఇస్తే వద్దనబాక. మిగతా జాగ్రత్తలు నాకన్నా నీకే బాగా తెలుసు.

నువ్వు వాట్సాపులో పంపిన ప్రశ్నల కాగితం మాత్రం రెండుసార్లు చదివా. మూడో ప్రశ్న: "మీరు ఏ ఆర్థిక వర్గానికి చెందుతారు?" ఎవర్ని అడుగుతావమ్మా ఇది? పల్లెలో వర్గమంటే ప్రెసిడెంటు వర్గం, ఓడిపోయినాయన వర్గం. నువ్వు అడగ్గానే ఏ పార్టీ వాళ్లు పంపించారో అనుకుని నోరు కట్టేసుకుంటారు. కాస్త చదువుకున్నోళ్లయితే బలహీన వర్గాలు అన్నది గుర్తొచ్చి కులం చెబుతారు. నువ్వేమో ఆదాయం అనుకుని గడి నింపుకుంటావు. కింద "దిగువ మధ్యతరగతి" అని ఇంకో గడి. నేను ముప్పై రెండేళ్లు చెప్పిన తరగతులు ఒకటి నుంచి ఐదు దాకానే, అందులో ఇది లేదు.

"దారిద్య్రరేఖకు దిగువన" అనేది కూడా తీసెయ్. టెండూల్కర్ కమిటీ పద్ధతిలో 2011-12కి దేశం మొత్తం మీద పల్లెలకి గీసిన గీత మనిషికి నెలకి 816 రూపాయల ఖర్చు. రోజుకి 27 రూపాయలు. అది ఢిల్లీలో కూర్చుని లెక్కలేసేవాళ్లకి పనికొస్తుందేమో, గుడిసె ముందు నిలబడి ఉన్న మనిషిని నువ్వు గీతకి ఈవల ఉండావా ఆవల ఉండావా అని ఎట్టా అడుగుతావు? పేద, నిరుపేద అనేవి పేపర్లోవి, మీటింగుల్లోవి. తమ గురించి చెప్పుకునేటప్పుడు ఎవరూ అట్టా చెప్పుకోరు. "లేనోళ్లం" అంటారు. "రెక్కల కష్టం మీద బతుకుతా ఉండాం" అంటారు. ఎక్కువ మంది "ఏదో గడిచిపోతా ఉండాదిలే" అంటారు. ఆ ఏదో అనేదాంట్లోనే నీ పరిశోధనంతా ఉంది. అక్కడ ఆగి, పోయిన వారం ఎవరి దగ్గరన్నా చేబదులు తీసుకున్నారా అని అడుగు. అప్పు అని అనబాక, అప్పంటే కాగితం, వడ్డీ గుర్తొస్తాయి. చేబదులంటే చెబుతారు.

గిరిజన కాలనీలకి పోయినప్పుడు ఇంకా జాగ్రత్త. యానాదోడు అనేది మనవైపు తిట్టు. ఒక గిరిజన తెగ పేరునే తిట్టు చేసుకున్న ఘనత మనది. తెల్లదొరలైతే కొన్ని జాతుల్ని పుట్టుకతోనే నేరస్తులని చట్టమే చేశారు. ఆ చట్టం కింద ఎరుకల వాళ్లని కాపలాలో ఉంచడానికి కావలిలో పెట్టిన సెటిల్‌మెంటు గురించి నువ్వు చదివే ఉంటావు. ఆ చట్టం 1952లో పోయింది. అట్టాంటిదే ఇంకో సెటిల్‌మెంటు స్టూవర్టుపురం, దాని మీద పాత దొంగల జోకులు మొన్న పెళ్లిలో కూడా విన్నా, పక్కన కూర్చున్నాయన పగలబడి నవ్వాడు.

ఇక అసలు సంగతి.

చౌక బియ్యమొచ్చే తెల్లకార్డులు, అవి రాని గులాబీ కార్డులు వేరు చేస్తున్న రోజులవి. పాఠాలతో పాటు ఇంటింటి లెక్కలు కూడా అయ్యవార్ల నెత్తినే పెట్టేవాళ్లు. సాయంత్రం బడి వదిలాక ఒక ఇంటికి పోయా. అరుగు మీద చాప పరిచి ఉంది, ఎవరో నలుగురు కొత్త మనుషులు కూర్చుని ఉన్నారు. ఆడపిల్లని చూడటానికి వచ్చినవాళ్లు. నాకు ఆ రోజు ఇంకా తొమ్మిది ఇళ్లు మిగిలి ఉన్నాయి. మళ్లీ వస్తాలే అని తిరిగొచ్చేస్తే సరిపోయేది. నిలబడే అడిగా, ఏం చేస్తుంటారని.

"సేద్యం అయ్యవారా" అన్నాడు ఇంటాయన, కాస్త గట్టిగా.

"ఎంత?"

"మూడెకరాలు. మాగాణి."

రాసుకున్నా. మూడెకరాల మాగాణి రైతు. ఎవరి మాగాణి అని అడగలా. అది నెల్లూరులో కాపురముంటున్న ఆసామిది. ఈయన చేసేది కౌలు, పంట పండినా ఎండినా ఎకరానికి పుట్టి వడ్లు కొలవాలి. పుట్టంటే మన లెక్కన 850 కిలోలు. కొలవగా మిగిలింది ఎరువుల కొట్టుకి. మేలురకం సన్నాలు, మొలగొలుకులు పండించే ఆ ఇంట్లో పొయ్యి మీద ఉడికేది చౌక డిపో బియ్యం.

ఏడాది తిరక్కముందే ఇంటావిడ బడికి వచ్చింది, కొంగులో చుట్టిన గులాబీ కార్డు చూపించి, "రంగు మారిందేందయ్యా" అంది. తిట్టి ఉంటే బాగుండు. విషయం అర్థమయ్యాక, "ఆయన అన్నదే గదా మీరు రాసింది" అంది. అమ్మణ్ణీ, ఇప్పటికీ రాత్రిళ్లు వినపడేది అదే. నేను అబద్ధం రాయలా. ఆయనా అబద్ధం చెప్పలా. కౌలైనా అది సేద్యమే. వియ్యమందబోయే వాళ్ల ముందు ఏ తండ్రైనా ఆ పేరే చెబుతాడు. మూడో ముక్క అడక్కుండా వచ్చింది నేను.

ఆ కార్డు మార్పించడానికి రెండేళ్లు తిరిగా. ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్లకి. ఈలోగా మీ పెద్దమ్మ ఊరుకోలేక ఒక బస్తా బియ్యం పంపింది. ఆవిడ తీసుకోలా. "సాయమైతే వద్దమ్మా, బదులైతే ఇయ్యి" అందట. కోతలయ్యాక బియ్యం పట్టించి తెచ్చి, మా వరండాలోనే మానికతో కొలిచి పోసింది. ప్రతి మానికా తలకొట్టకుండా, గుట్టగా పోసింది. మీ పెద్దమ్మ వద్దు వద్దంటానే ఉంది. నేను లోపల్నుంచి బయటికి రాలేకపోయా.

అందుకని ఎవరి ఇంట్లోనైనా చుట్టాలుంటే కాగితం బయటికి తీయబాక. రచ్చబండ దగ్గర అసలు అడగబాక. మగాయన చెప్పింది రాసుకున్నాక, ఆవిడ గిన్నెలు కడిగే చోటికి పోయి కూర్చుని మళ్లీ అడుగు. సేద్యం అంటే భూమి ఎవరిదని, పని అంటే రోజు కూలా ఏడాది జీతమా అని, సొంతిల్లంటే పట్టా ఎవరి పేరునుందని. ఒకే రోజు పదిహేను ఇళ్లు చేస్తానని మీ నాన్నతో అన్నావట. చేసేదానివి చెయ్, వచ్చి నాకు చూపించబాక. నాలుగిళ్లు చాలు. నీ మీద కోపం కాదమ్మా, ఆ తొమ్మిది ఇళ్లు గుర్తొచ్చి అరిచా.

ఇంకోటి చెప్పాలి. చెప్పాలా వద్దా అని రెండ్రోజులు ఆగా.

నీ పరిశోధన అప్లికేషన్లో "వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చాను" అని రాశావు. బాగా రాశావు, చదివి మురిసిపోయా. కానీ మీ తాత నా చిన్నప్పుడు రైతు కాదు. పాలేరు. ఏడాదికి ఇన్ని వడ్లని ఒప్పుకుని, పండక్కి ఒక పంచె తీసుకుని, ఒకరి ఇంట గొడ్లు కాసి కయ్యలు దున్నాడు. బళ్లో అయ్యవారు మీ నాయన ఏం చేస్తాడురా అని అడిగితే, పిల్లకాయలందరి ముందూ లేచి నిలబడి "సేద్యం" అన్నా. ఆయన అదే రాసుకున్నాడు. ఆ ఒక్క మాటలో ఏం దాచిపెట్టొచ్చో నాకు తెలిసినంతగా ఆ అరుగు మీద ఇంకెవరికీ తెలియదు. అయినా రాసుకుని వచ్చేశా.

అప్లికేషన్లో మార్చమని చెప్పడం లేదు. వచ్చే ఆదివారం రా, మీ పెద్దమ్మ చేపల పులుసు పెడతానంటోంది, ఆ ప్రశ్నల కాగితం కూడా తీసుకురా, ఇద్దరం కూర్చుని దిద్దుదాం. ఈ ఉత్తరం మీ నాన్నకి చూపిస్తావో లేదో నీ ఇష్టం. వాడు పుట్టేసరికి నాయన పాలేరుతనం మాని కౌలుకి దిగాడు. వాడు చూసింది ఆ కయ్యలే. పెద్దయ్యాక ఒకసారి అడిగాడు, అంతకుముందు నాయన ఏం చేసేవాడన్నా అని. సేద్యమే అని చెప్పా.

నీ పెదనాయన